కాలికి ముల్లు గుచ్చుకుంటే కిడ్నీలెందుకు ఆగాయి?

‘కాలు బాగు చేయమని తీసుకొస్తే, కిడ్నీలు పోయాయంటారేంటి?’

ఐసీయూ బయట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాలికి బదులు ఒక్కోసారి నిమోనియా ఉంటుంది, ఒక్కోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒక్కోసారి కాన్పు తర్వాత వచ్చిన జ్వరం. ప్రశ్న మాత్రం అదే. వచ్చిన జబ్బు ఒకటి, డాక్టర్లు చెప్పేది ఇంకొకటి. ‘ఆస్పత్రోళ్లే ఏదో చేసుంటారు’ అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. నేను ఐసీయూలో స్టాఫ్ నర్స్‌ని. ఆ కోపం ముందు తగిలేది మాకే. అందుకే ఆ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇక్కడ చెప్తున్నా.

దీని పేరు సెప్సిస్. ‘రక్తం విషమైపోయింది’, ‘ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది’ అంటుంటారు మనవాళ్లు. అది సగం నిజమే. 2016లో నిపుణులు దీనికి కొత్త నిర్వచనం ఇచ్చారు. ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి, సొంత అవయవాలనే ప్రాణం మీదికొచ్చేలా దెబ్బతీయడం సెప్సిస్. అంటే మొదలుపెట్టేది క్రిమి. ఆ తర్వాతి నష్టంలో చాలా భాగం మన ఒళ్లే చేసుకుంటుంది.

వేలికి చిన్న పుండు పడిందనుకోండి. ఎర్రబడుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటి గోడలు కాస్త వదులవుతాయి. తెల్ల రక్తకణాలు బయటికొచ్చి క్రిములతో కొట్లాడతాయి. ఒక్క వేలికి జరిగితే అది మంచిదే. అదే ఒళ్లంతా ఒకేసారి జరిగితే?

పొలంలో ముల్లు గుచ్చుకుని, షుగర్ వల్ల పుండు మానక, కాలు మోకాలి దాకా వాచిన ఒక పెద్దాయన్ని ఓసారి మా దగ్గరికి తెచ్చారు. అప్పటికే ఊళ్లో మూడు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు అయ్యాయి. డిగ్రీ చదువుతున్న వాళ్లమ్మాయి నన్ను ఇదే ప్రశ్న అడిగింది. ‘మీకు కాలువ కింద పొలం ఉందా?’ అన్నాను. ‘ఉందక్కా, చివర్లో’ అంది.

అయితే చెప్పడం సులువే. కాలువకి వదిలే నీళ్లు అన్నే. కానీ కాలువ ఉన్నట్టుండి వెడల్పైపోయి, గట్టుకి అక్కడక్కడా గండ్లు పడితే? నీటి మట్టం పడిపోతుంది. గండ్ల పక్కన పొలాలు మునుగుతాయి. చివరి మడికి చుక్క అందదు. ఒంట్లోనూ అంతే. రక్తనాళాలు వెడల్పైతే బీపీ పడిపోతుంది. వాటిలోంచి నీరు కారిపోయి ఒళ్లు వాస్తుంది. అదే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం, ఆ తర్వాత వెంటిలేటర్. రక్తం సరిగా అందని మడి కిడ్నీ.

‘మరి నీళ్లు ఎక్కువ వదిలితే?’ అంది ఆ అమ్మాయి. మొదట చేసేది ఆ పనే. సెలైన్ పెడతాం. కానీ గండ్లు ఉన్నంతసేపూ ఎక్కించిన దాంట్లో కొంత బయటికే పోతుంది. అందుకే సెలైన్‌తో బీపీ నిలవకపోతే నార్‌అడ్రినలిన్ పెడతారు. అది నాళాలను బిగించి బీపీని నిలబెడుతుంది.

ఇంకా ఉంది. సన్నటి నాళాల్లో రక్తం చిన్న చిన్న గడ్డలు కడుతుంది. ఆ పనికే ప్లేట్‌లెట్లు ఖర్చైపోతాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే మనవాళ్లు డెంగీ అనుకుని బొప్పాయి ఆకుల కోసం పరుగెడతారు గానీ, సెప్సిస్‌లోనూ తగ్గుతాయి. కణాలు ఆక్సిజన్‌ని సరిగా వాడుకోలేక రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది. లివర్ దెబ్బతింటే కళ్లు పచ్చబడతాయి. మెదడు మీద ప్రభావం పడితే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. ఒకటి పడితే ఇంకోదాన్ని లాగుతుంది. కిడ్నీ ఆగితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దాంతో గుండె లయ తప్పొచ్చు.

పేషెంట్ తాలూకు వాళ్లంతా మానిటర్ వైపు చూస్తారు. నేను మంచం కింద వేలాడే యూరిన్ బ్యాగ్ చూస్తాను. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 ఎంఎల్ రావాలి. ఆ పెద్దాయనకి మొదటి రోజు గంటకు 5 ఎంఎల్ కూడా రాలేదు. యాంటీబయాటిక్స్ పడ్డాయి. ఇన్ఫెక్షన్‌కి మూలం అక్కడే ఉంది కాబట్టి సర్జన్ కాలిలో కుళ్లిన భాగం తీసేశారు. మూడుసార్లు డయాలసిస్ చేశారు. తొమ్మిదో రోజు తెల్లారేసరికి బ్యాగ్‌లో 200 ఎంఎల్ ఉంది. నైట్ డ్యూటీ సిస్టర్ చార్ట్‌లో ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీసి నాకు చూపించింది. బయటికెళ్లి చెప్తే, ‘మూత్రం వచ్చిందంటే ఇంత సంతోషం ఉంటుందని తెలీదక్కా’ అంది ఆ అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

అందరికీ ఇలా జరగదు. 2017లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4.9 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని లాన్సెట్‌లో 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఆ ఏడాది ప్రతి ఐదు మరణాల్లో ఒకటి. బాక్సర్ మహమ్మద్ అలీ 2016లో చనిపోయింది కూడా సెప్టిక్ షాక్‌తోనే. బతికి బయటపడ్డవాళ్లలోనూ చాలామందికి నెలల తరబడి నీరసం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ‘డిశ్చార్జ్ అయ్యాడుగా, ఇంకా పడుకునే ఉంటాడేంటి’ అని వాళ్లని విసుక్కోకండి.

సెప్టిక్ షాక్ అని తెలిస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలని మాకు నేర్పుతారు. కానీ ఎక్కువ టైమ్ పోయేది ఆస్పత్రిలో కాదు, ఇంట్లో. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోవద్దు. పెద్దవాళ్లలో కొందరికి జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడుతుంది కూడా. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషి ఊపిరి ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి నిమిషానికి 22, అంతకంటే ఎక్కువుంటే అనుమానించాలి. మాట తేడాగా ఉన్నా, మగతగా ఉన్నా, పొద్దున్నుంచి ఒంటికి వెళ్లకపోయినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

క్యాజువాలిటీలో ‘జ్వరమండీ’ అని ఊరుకోకుండా ఈ గుర్తులన్నీ చెప్పండి. ‘ఇది సెప్సిస్ కావచ్చా డాక్టర్‌గారూ?’ అని అడగండి. అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. అప్పటిదాకా వాడిన మందుల స్ట్రిప్పులు, ఇంజెక్షన్ సీసాలు ఫొటో తీసి ఉంచుకోండి. ఏ మందు ఎప్పుడు పడిందో తెలిస్తే మాకు బోలెడు టైమ్ కలిసొస్తుంది.