కచేరీలు గుర్తుంటాయి, మరి పాఠాలు?

రండి, కూర్చోండి. కాఫీ వచ్చేలోగా ఒక మాట అడుగుతాను. మన గోదావరి గడ్డ మీద పుట్టిన గొప్ప గాయకుడెవరంటే మీ నోటికి ముందుగా ఎవరి పేరొస్తుంది? బాలమురళి గారి పేరే కదా! కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న శంకరగుప్తంలో 1930 జులై 6న పుట్టారాయన. ఆ పేరు రావడం న్యాయమే. అయితే అంతకు రెండేళ్ళ ముందు, 1928లో, ఆ పక్కనే రాజోల్లో వోలేటి వెంకటేశ్వర్లు గారు పుట్టారు. ఇంకో ఏడాది వెనక్కి వెళితే 1927 అక్టోబరు 10న పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో నేదునూరి కృష్ణమూర్తి గారు పుట్టారు. మూడేళ్ళలో ఒక్క తూర్పుగోదావరి నుంచి ముగ్గురు! ముగ్గురూ ఎంత బాగా పాడారో అంత శ్రద్ధగా పాఠమూ చెప్పారు. ఇవాళ నాకు ఆ పాఠాల గురించే మాట్లాడాలని ఉంది. ఎందుకంటే కచేరీకి చప్పట్లుంటాయి, పేపర్లో ఫొటో ఉంటుంది. పాఠానికి అవేవీ ఉండవు. కానీ కచేరీ ఆ సాయంత్రంతో అయిపోతుంది, పాఠం అలా కాదు.

నేదునూరి వారి సంగతే చూడండి. తరంగాలూ అష్టపదులూ తెలిసిన తల్లి కడుపున పుట్టారు. మొదటి సంగీతం ఇంట్లోనే చెవిన పడింది. 1940లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరారు. 1919లో పెట్టిన కళాశాల అది. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ ద్వారం నరసింగరావు నాయుడు గారి దగ్గర గాత్రమూ, వయొలినూ రెండూ నేర్చుకున్నారు. వయొలిన్ తీగ మీద మెట్లుండవు. స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కుని వేలితో పట్టుకోవాలి. అలా పట్టుకున్న చెవి గొంతుకు ఎంత మేలు చేస్తుందో పాడేవాళ్ళకు తెలుసు.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1949లో శ్రీపాద పినాకపాణి గారి పరిచయమైంది. అప్పటికి నేదునూరి వారు చిన్న పిల్లాడేం కాదు, కళాశాలలో చదువుకున్నవాడు. అయినా మళ్ళీ శిష్యుడై కూర్చుని తన బాణీని మొదటి నుంచి దిద్దుకున్నారు. ఆ వయసులో ఎంతమందికి ఆ మనసుంటుంది చెప్పండి? 1951లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో పాడారు. 1991లో అదే అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది.

ఈ పినాకపాణి గారి గురించి ఆగి చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో 1913లో పుట్టారు. వృత్తికి డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యం బోధించిన ప్రొఫెసరు. పగలు రోగులు, మెడికల్ విద్యార్థులు. మిగిలిన వేళంతా సంగీతం. 2013 మార్చిలో, నూరేళ్ళు నిండడానికి కొద్ది నెలల ముందు వెళ్ళిపోయారు. ఆయన చెప్పిన పాఠాలను టీటీడీ ‘సంగీత సౌరభం’ పేరుతో సంపుటాలుగా స్వరసహితంగా అచ్చు వేసింది.

ఆ స్వరం రాయడం ఎంత పనో ఒక్క ఉదాహరణ చెప్తాను. తోడి రాగంలో గాంధారం ఉంది. పుస్తకంలో దాన్ని ‘గ’ అని ఒక్క అక్షరంతో రాస్తారు. హార్మోనియం మీద ఆ మెట్టు నొక్కి అలాగే పట్టుకుంటే తోడి పలకదు. ఆ గాంధారం నిలబడి ఉండేది కాదు. కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. ఎంత ఊగాలి, ఏ వేగంతో ఊగాలి, ఎక్కడ తగ్గాలి అన్నది గురువు పాడి చూపించాలి, శిష్యుడు పాడి ఒప్పించాలి. ‘కాదు, మళ్ళీ’ అంటారు. మళ్ళీ పాడాలి. అదే ముక్క, అదే ఊపు, గొంతులో కుదురుకునేదాకా. సంగీత పాఠమంటే చాలా భాగం ఈ ‘మళ్ళీ’నే.

నేదునూరి వారు ఆ ‘మళ్ళీ’ని తన శిష్యులకు అందించారు. సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. విజయవాడ మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. మన రాజమండ్రిలో పుట్టిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారూ అంతే. అన్నమయ్య రాగిరేకుల మీద పాట ఉంటుంది, రాగం పేరుంటుంది, స్వరం మాత్రం ఉండదు. ఎలా పాడేవారో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ పాటలు వందకు పైగా నేదునూరి వారు స్వరపరిచారు. ఇవాళ పెళ్ళిపందిట్లో, గుడి మైకులో రేవతి రాగంలో ‘నానాటి బ్రతుకు’ వినిపిస్తుందే, ఆ వరుస ఆయనదే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో అది ఇల్లిల్లూ తిరిగింది. తర్వాత బాలకృష్ణప్రసాద్ గారు వందల కీర్తనలకు వరుసలు కట్టి ఆ పని ఎంతో దూరం తీసుకెళ్ళారు. కడియం నర్సరీల్లో అంటు కట్టడం చూశారు కదా, మొదలు ఎవరిదో, కొమ్మ ఎవరిదో, కాసింది మాత్రం రెండింటి కాపు. గురుశిష్యుల లెక్కా అదే.

ఇక వోలేటి వారు. ఆయనా పినాకపాణి గారి శిష్యులే. ఆయన తరగతి గది విజయవాడ రేడియో. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రంలో మన నిడదవోలు బిడ్డ బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళి గారు, వోలేటి వారు అందరూ పనిచేశారు. వోలేటి వారి ‘సంగీత శిక్షణ’ మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆయన ఒక సంగతి పాడేవారు, ఎదురుగా ఉన్నవాళ్ళు అందుకునేవారు. ఇంట్లో రేడియో ముందు కూర్చున్న అమ్మాయికీ గొంతు కలిపే వీలుండేది. దక్షిణ ఇచ్చుకోలేని ఇంటికి, గురువు లేని పల్లెకు అంతటి విద్వాంసుడు వచ్చి పాఠం చెప్పినట్టే కదండీ! హిందుస్తానీ అన్నా ఆయనకు ప్రాణం. మల్లాది సోదరుల తండ్రి సూరిబాబు గారు ఆయన శిష్యులే. చూశారా, ఒకే ఇంటికి తండ్రి వైపు నుంచి వోలేటి వారూ, పిల్లల వైపు నుంచి నేదునూరి వారూ గురువులు.

బాలమురళి గారిదీ ఇదే కథ. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన గురువు సాక్షాత్తూ త్యాగరాజస్వామి. నాలుగు మెట్లెక్కితే తిరువయ్యారు! విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ బాలమురళి గారే.

ఇది మన దేశపు సంగతే అనుకోకండి. జర్మనీలో పీటర్ ష్రయర్ అని పెద్ద టెనర్ గాయకుడుండేవాడు, అంటే మగ గొంతుల్లో పై స్థాయి వాడు. 1935లో పుట్టి 2019లో పోయాడు. డ్రెస్డెన్‌లో వందల ఏళ్ళ నాటి బాలుర గాన బృందం ఒకటుంది. 1945లో బాంబులకు ఆ ఊరు నేలమట్టమైంది. కొద్ది నెలలకే పదేళ్ళైనా నిండని ష్రయర్ ఆ బృందం బడిలో చేరాడు. ఊళ్ళో ఇళ్ళు లేవు, పాఠం మాత్రం ఉంది. అక్కడి పెద్దలు పిల్లల పాటను ఆపనివ్వలేదు కాబట్టే లోకానికి ఆ గొంతు దక్కింది.

అందుకే మీకు నాదొక విన్నపం. మీ వీధిలో అమలాపురం అమ్మాయో, కొవ్వూరు కుర్రాడో సరళీ స్వరాలు సాధన చేస్తుంటే, ‘స్టేజి ఎప్పుడెక్కిస్తారండీ?’ అని టీచరు గారిని అడక్కండి. జంట స్వరాలు, అలంకారాలు, వర్ణాలు రెండు కాలాల్లో కుదరడానికి ఏళ్ళు పడతాయి. ఆ ఏళ్ళను ఓపిగ్గా ఇవ్వండి. టీచరు గారి ఫీజు ఒకటో తారీఖునే పంపించండి. పిల్ల పాడుతుంటే టీవీ కట్టేసి పక్కన కూర్చోండి. ఈసారి కచేరీకెళ్ళినప్పుడు పాట నచ్చితే, ‘బాగా పాడారు’ అన్నాక ‘ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని కూడా అడగండి. ఆ గురువు పేరు ఇంటికొచ్చి పిల్లలకు చెప్పండి.