కారు మూలిగితే ఆటోనగర్ వింటుంది!

విజయవాడ బందరు రోడ్డు మీది ఆటోనగర్ గేటు దాటి లోపలికి అడుగుపెడితే ముందుగా పలకరించేది మనుషులు కాదు, మోత. ఒక షెడ్డులో లారీ కమాన్ కట్ట మీద సమ్మెట పడుతుంటుంది. పక్క షెడ్డులో గ్రైండరు నిప్పురవ్వలు చిమ్ముతుంటుంది. ఎదురుగా లేతు మిషను, వెనక గాలి కంప్రెషరు, మధ్యలో 'రైట్... రైట్... రానియ్... ఆపు!' అంటూ లారీని వెనక్కి తీయించే క్లీనరు కేక. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. చిత్రమేమిటంటే- తమ కారులో ఎక్కడో వినీ వినిపించకుండా వస్తున్న 'కిచకిచ' ఏమిటో చెప్పమని జనం వెతుక్కుంటూ వచ్చేది ఈ మోతలోకే!

చెన్నై-కోల్‌కతా రహదారి, బందరు నుంచి హైదరాబాద్ మీదుగా పుణె వెళ్లే రహదారి విజయవాడలోనే కలుస్తాయి. అన్ని బండ్లు వచ్చి పోయే ఊళ్లో వాటిని బాగుచేసే చేతులూ ఉండాలి కదా. 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్ అలా పెరిగింది. లారీకి బాడీ కట్టాలన్నా, రేడియేటరుకి మాటు వేయించాలన్నా, సొట్టపడిన డోరు సాపు చేయించాలన్నా, సీటు కవర్లు కుట్టించాలన్నా ఇక్కడికే. 2014లో నాగచైతన్యతో 'ఆటోనగర్ సూర్య' సినిమా వచ్చాక ఈ పేరు మిగతా ఊళ్లవాళ్లకీ బాగా తెలిసింది. ఆ సినిమాలో సుత్తులూ ఇనుమూ చాలానే కనిపిస్తాయి. ఇక్కడి చెవుల సంగతి మాత్రం దగ్గరుండి చూడాలి.

'ఎప్పుడొస్తోందండీ?'

కారు దిగిన పెద్దమనిషి చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

'ఏదో సౌండొస్తోంది మేస్త్రీ గారూ...'

'ఎప్పుడొస్తోందండీ?'

'ఎప్పుడూ వస్తూనే ఉంది.'

'ఆగి ఉన్నప్పుడు కూడానా?'

'ఆ... లేదులెండి. కదిలాకే.'

ఆ ఒక్క జవాబుతో సగం కారు పక్కకు తప్పుకున్నట్టే. బండి నిలబడి, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు రాని శబ్దం బండి కదిలాకే వస్తోందంటే అనుమానం ముందు చక్రాల మీదికీ, బ్రేకుల మీదికీ, షాకబ్జర్ల మీదికీ పోతుంది. ఆ తర్వాత ప్రశ్నలు వరసగా వస్తాయి. తిన్నగా పోతుంటేనా, తిప్పినప్పుడా? బ్రేకు తొక్కితే ఆగుతుందా, పెరుగుతుందా? చిన్న గులకరాళ్ల మీదా, స్పీడు బ్రేకరు మీదా? పొద్దున్నేనా, బండి వేడెక్కాకా? నలుగురు ఎక్కినప్పుడా, ఒక్కరే ఉన్నప్పుడా? ఈమధ్య పంక్చరు వేయించారా?

బాగా పనిచేసే మేస్త్రీ ఇవన్నీ అడిగాకే స్పానరు అందుకుంటాడు. అడక్కుండానే 'ఈ పార్టు మార్చి చూద్దాం సార్' అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి చోటే జేబుకి చిల్లు పడేది. 'హూఁ...'మని మోత వస్తోంటే టైర్లనుకుని నాలుగూ కొత్తవి వేయించి, ఆ తర్వాత కూడా అదే మోత విని, తీరా చూస్తే ఒక్క బేరింగు పోయిందని తెలిసి తల పట్టుకున్న కార్లవాళ్లు తక్కువేం కాదు.

టైరు మోతా, బేరింగు మోతా వినడానికి కవల పిల్లల్లాంటివే. వాటిని విడదీసే పద్ధతి మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. తారు రోడ్డు మీంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లగానే శబ్దం మారిందా? అయితే టైరే. మారకుండా అదే రాగం తీస్తోందా? అప్పుడు మేస్త్రీ ఖాళీ రోడ్డు చూసుకుని స్టీరింగును మెల్లగా ఎడమకీ కుడికీ ఊపుతూ నడుపుతాడు. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడివైపు బేరింగుది తప్పు. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమవైపుది. ఇక షెడ్డుకొచ్చి ఆ పక్కన జాకీ ఎత్తి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగు మీద ఆనిస్తాడు. పాడైన బేరింగు గరగర వేళ్లకే తెలిసిపోతుంది.

మరో పరీక్ష ఇంకా తేలిక. బండి వేగం మీద ఉండగా ఒక్క క్షణం న్యూట్రల్ చేయడం. ఇంజిన్ వేగం తగ్గినా శబ్దం తగ్గలేదంటే ఇంజిన్‌ని నిందించి లాభం లేదు. (ఇది ఖాళీ రోడ్డు మీద మేస్త్రీలు చేసే పని. చేసినా తాళం తిప్పి ఇంజిన్ ఆపేయకూడదు. ఆపితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు బరువెక్కుతుంది.)

శబ్దానికి తాళం కూడా ఉంటుంది. చిన్న కారు చక్రం ఒకసారి తిరిగితే సుమారు 1.8 మీటర్లు పోతుంది. అంటే 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకి మూడుసార్లు తిరుగుతుందన్నమాట. ఆ లెక్కన 'టక్... టక్... టక్' వస్తే చక్రంలో ఏదో ఉంది. అదే ఆగి ఉన్న కారులో ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి ఆరేడుసార్లు తెరుచుకుంటుంది. ఆ వేగంతో సన్నగా 'టిక్‌టిక్‌టిక్' అంటే టాపెట్ల మీద అనుమానం. ఈ లెక్కలు కాగితం మీద ఏ మేస్త్రీ వేయడు. ముప్ఫయ్యేళ్లు విన్న చెవికి తాళం తప్పదు, అంతే.

ముందు వినిపిస్తే వెనక ఉండొచ్చు

కారు శబ్దాలు పట్టుకోవడంలో పెద్ద చిక్కు- అవి అబద్ధాలాడతాయి. గాల్లో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, ఉక్కులో 5000 మీటర్లకు పైగా పరిగెడుతుంది. వెనక చక్రం దగ్గర పుట్టిన చప్పుడు బాడీ రేకులు పట్టుకుని వచ్చి డ్యాష్‌బోర్డు కింద పలుకుతుంది. డ్రైవరు సీట్లోవాళ్లు 'ముందే వస్తోంది' అని ఒట్టు పెట్టి మరీ చెబుతారు. అందుకే మేస్త్రీ తను స్టీరింగు పట్టుకుని, కుర్రాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు దింపి ఫ్లైఓవరు పక్కగోడకి దగ్గరగా పోనిస్తాడు. చక్రాల చప్పుడు గోడకి కొట్టుకుని తిరిగి చెవిలో పడుతుంది. అన్నిటికన్నా ముందు పాటలు కట్టేయిస్తాడు. ఈ ఒక్క పని చేస్తే చాలా చప్పుళ్లు వాటి యజమానులకే మూడు నెలల ముందు వినిపించేవి! అంబాసిడర్లూ, మారుతి 800లూ తిరిగిన రోజుల్లో అద్దాలు దించుకుని పోయేవాళ్లు కాబట్టి బండి ముక్కినా మూలిగినా తెలిసేది. ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని, పాటలు పెట్టుకుని పోతుంటే కారు ఎంత మొత్తుకుంటే మాత్రం ఎవరికి వినపడుతుంది?

ఇంజిన్ లోపలి శబ్దానికైతే పొడవాటి స్క్రూడ్రైవరే ఆధారం. కొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు నొక్కిపెడితే చాలు- లోపలి చప్పుడు పుర్రెలోకి వచ్చేస్తుంది. 1816లో ఫ్రాన్సు డాక్టరు రెనె లానెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. దాదాపు ఇదీ అదే వైద్యం. గాలి లీకయ్యే 'బుస్'మనే శబ్దానికి రబ్బరు గొట్టం ముక్క. బెల్టు కీచుమంటే దాని మీద కాసిని నీళ్లు చిలకరిస్తారు. ఆ శబ్దం కాసేపు మాయమైతే బెల్టు వరస తప్పిందని, ఇంకా పెరిగితే జారిపోతోందని అర్థం. (ఇంటి దగ్గర చున్నీలు, పమిటలు వేలాడుతుండగా చేసే ప్రయోగం కాదిది!)

స్కానర్లు వచ్చాయి కదా, ఈ స్క్రూడ్రైవరు దేనికి అంటారేమో. స్కానరు సెన్సర్లు చెప్పింది చదువుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు ముందు చక్రం దగ్గర 'టకటకటక' అన్నదంటే యాక్సిల్ జాయింటు రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి పోయి, మట్టి లోపలికి చేరి ఉంటుంది. దానికి ఏ కోడూ రాదు. లింక్ రాడ్ వదులైనా రాదు. నిజానికి చాలా పెట్రోలు కార్లలో ఇంజిన్‌కి దాని చెవి దానికే ఉంది, నాక్ సెన్సరని. పెట్రోలు వేళ తప్పి మండి ఇంజిన్ 'టింగుటింగు'మంటే అది పసిగట్టి స్పార్కును వెనక్కి జరిపిస్తుంది. పాపం, దానికి ఆ ఒక్క శబ్దమే అర్థమవుతుంది.

కొబ్బరికాయా దోషమే!

అన్ని శబ్దాలూ బిల్లు తెచ్చేవి కావు. కొండ మీద అమ్మవారి దర్శనం చేసుకొచ్చాక మలుపు తిరిగినప్పుడల్లా 'దొర్ర్... ధబ్' అంటోందని వచ్చిన కారులో వెనక సీటు కింద దొరికేది కొబ్బరికాయ. డిక్కీలో బిగించని జాకీ, డోరు అరలో మంచినీళ్ల సీసా, డ్యాష్‌బోర్డు సందులోకి జారిన రూపాయి బిళ్ల- అన్నీ అనుమానితులే. కంకర రోడ్డు మీద పోయొచ్చాక చక్రంలోంచి చెవులు చిల్లులు పడేలా 'కీఁచ్' వస్తే చాలాసార్లు బ్రేకు డిస్కుకీ వెనకున్న రేకుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గులకరాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. రాయి తీసినందుకు డబ్బులు తీసుకోకుండా టీ తాగించి పంపే మేస్త్రీ దగ్గరికి ఆ కుటుంబం మళ్లీ పదేళ్లపాటు వస్తుంది. ఇది మంచితనమే, వ్యాపారం కూడా.

కొన్ని శబ్దాలకి మాత్రం 'రేపు చూద్దాం' పనికిరాదు. పంక్చరు వేయించుకుని బయల్దేరిన కాసేపటికి చక్రం దగ్గర 'టక్కుటక్కు' మొదలై స్టీరింగు వణికితే అక్కడే ఆపాలి. నట్లు వదులై ఉండొచ్చు. చక్రం ఊడిపోయే దాకా అది ఆగదు. బ్రేకు తొక్కితే వచ్చే సన్నటి కీచు, ప్యాడ్లు అరిగాయని ముందే చెప్పడానికి కొన్ని ప్యాడ్లకు పెట్టిన రేకు ముక్క చేసే హెచ్చరిక కావచ్చు. అది పట్టించుకోకుండా 'గర్ర్'మని ఇనుమూ ఇనుమూ రాసుకునే దాకా వస్తే డిస్కు కూడా పోతుంది, పైగా బండి ఆగాల్సిన చోట ఆగదు. ఇంజిన్‌లోంచి బరువుగా 'డబ్‌డబ్' వస్తూ ఆయిలు దీపం వెలిగితే షెడ్డు దాకా నడిపించుకురావడం కూడా తప్పే. తోయించుకునో కట్టించుకునో రావాలి.

చెవులకు మాత్రం గ్యారంటీ లేదు

ఇంత విని చెప్పే చెవులు రోజంతా ఉండేది సమ్మెటల మధ్య. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుందని డాక్టర్లు చెబుతారు. ఇనుము మీద సుత్తి దెబ్బ అంతకు ఎంతో ఎక్కువ. ముందుగా పోయేవి సన్నటి, కీచు శబ్దాలు. అంటే బేరింగు బరువు మోతలు ఇంకా బాగానే వినిపిస్తుంటాయి గానీ, బ్రేకు ప్యాడు కీచు మాత్రం చేజారిపోతుంది. పెద్ద మేస్త్రీ టెస్టు డ్రైవుకి కుర్రాణ్ని వెంట తీసుకెళ్లడంలో ఈ మతలబు కూడా ఉంది. 'ఒరేయ్, ఏమన్నా వినపడిందా?' అని అడిగేది పరీక్ష పెట్టడానికే కాదు. వయసు చెవికి వినపడనిది పదిహేడు, పద్దెనిమిదేళ్ల చెవికి పడుతుంది. అదేమిటో పెద్దాయన చెబుతాడు. ఆ కుర్రాడి చెవిలో రెండు దూది ఉండలైనా, ఇయర్ ప్లగ్గులైనా పెట్టించే అలవాటు మన షెడ్లలో ఎక్కడో గానీ కనిపించదు. చేతికి గ్లోవ్స్ లేకపోతే రక్తం కారుతుంది కాబట్టి తెలుస్తుంది. చెవి అలా చెప్పదు.

కరెంటు కార్లొచ్చాక శబ్దాల పని తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు, మారింది. ఇంజిన్ మోత లేకపోయేసరికి ఇంతకాలం దాని చాటున దాక్కున్న టైర్ల మోత, షాకబ్జరు 'టకటక', ప్లాస్టిక్కు 'కిరకిర' అన్నీ బయటపడుతున్నాయి. కారు కొన్న నెలకే 'ఏదో సౌండొస్తోంది' అంటూ వచ్చేవాళ్లలో వీళ్లూ ఉంటున్నారు.

అన్నిటికన్నా మొండి శబ్దం పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు మాత్రమే వచ్చేది. రాత్రంతా ఆయిలు కిందికి దిగిపోయి ఉంటుంది. తాళం తిప్పిన మొదటి కొన్ని క్షణాలు టాపెట్లో, టైమింగ్ చైనో గలగలమని, ఆయిలు అందగానే ఊరుకుంటాయి. బందరు నుంచో గుంటూరు నుంచో నడుపుకుంటూ వచ్చేసరికి బండి వేడెక్కి, పన్నునొప్పి డాక్టరు గుమ్మం దగ్గర మాయమైనట్టు ఆ శబ్దం కాస్తా మాయం. అలాంటి కారుని సాయంత్రమే వదిలి వెళ్లమంటారు. మర్నాడు వీధిలో ఇంకా ఏ షట్టరూ లేవకముందే, సమ్మెటలు నిద్ర లేవకముందే మేస్త్రీ వస్తాడు. బానెట్టు ఎత్తి, కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, తను ఇంజిన్ మీదికి వంగి చెయ్యి ఊపుతాడు. కుర్రాడు తాళం తిప్పుతాడు. వినడానికి ఉన్నవి పది సెకన్లు.