అడ్డతీగలలో రెండు రాత్రులు

గడచిన శ్రావణమాసమున మా మామయ్యతో కూడ అడ్డతీగలకు పోయితిని. ఏలేశ్వరము దాటిన పిమ్మట కొండలు దగ్గఱ పడసాగెను. చెట్ల నల్లుకొన్న అడ్డతీగలను మామయ్య చూపి, "ఊరి పేరు ఇక్కడనే వ్రేలాడుచున్నది చూడు" అనెను. 1922 అక్టోబరు 15వ తేదీన అల్లూరి సీతారామరాజును, ఆయన మన్యపు అనుచరులును దాడిచేసిన పోలీసు ఠాణా ఈ యూరిదే. ఆ పోరాటమును గూర్చి వ్యాసము వ్రాసి పాఠశాలలో బహుమానము పొందినవాడ నగుటచే నాకు మిక్కిలి గర్వము కలిగెను.

ఊరి చివర నొక అవ్వ నడుపు పూటకూటియింట బస కుదిరెను. మట్టిగోడలు, గడ్డికప్పు, అందఱికి నొకటే చావడి, పండుకొనుటకు ఈతచాపలు. మామయ్య పనిమీద వాగు కావలి పల్లెకు పోయెను. ఇంతలో కుంభవృష్టి కురిసి, వాగు పొంగి, త్రోవలు మునిగెను. మా బస నలువైపుల నీరు గల దీవి యయ్యెను. మామయ్య రాలేదు.

ఆ రాత్రి చావడిలో నేనును, సంతకు అడ్డాకుల మోపు తెచ్చి చిక్కుపడిన యొక కొండరెడ్డియు మాత్రమే యుంటిమి. అతని ప్రక్కన కత్తి యుండెను. నా యొద్ద పుస్తకములకై యిచ్చిన 800 రూపాయలుండెను. వానిని మూటగట్టి నడుమున బిగించుకొంటిని. అవ్వ పోసిన రాగి అంబలిలో అతడు తన వంతు సగము నా గిన్నెలో ఒంపెను. త్రాగితిని గాని, అతనికి వీపు త్రిప్పలేదు.

అర్ధరాత్రి దాటిన పిమ్మట, "లే బాబూ, నీళ్లొచ్చేత్తున్నాయి!" అను కేక వినబడెను. అతడు నన్ను భుజముపై నెత్తుకొని అటుకమీదికి చేర్చెను.

తెల్లవాఱునప్పటికి నీరు తీసెను. నడుము తడవుకొంటిని, మూట లేదు. "దొంగ!" యని అఱచితిని. అవ్వ యేమియు ననక పొయ్యివైపు చేయి చూపెను. అచ్చట అడ్డాకులమీద నా నోట్లు ఒక్కొక్కటిగా ఆరుచుండెను. జాఱిపడిన మూటను అతడు దీపముతో నీటిలో వెదకి తెచ్చెనట. "లెక్కెట్టుకో బాబూ" అని మాత్రమే అతడనెను. లెక్కపెట్టితిని. సరిగా నుండెను. లెక్కపెట్టినందుకు మఱింత సిగ్గుపడితిని.

వాన వదలనందున ఆ పగలును, రాత్రియు ఒకే కప్పు క్రింద నుంటిమి. క్షమింపుమను మాట పలుమాఱులు నోటిదాక వచ్చి నిలిచిపోయెను. రేపు చెప్పుద మనుకొంటిని. మూడవనాడు నేను మేల్కొనునప్పటికే అతడు తన మోపు నెత్తుకొని వెడలిపోయెను. అతని పేరైనను నేను అడిగియుండలేదు.

సహపాఠులారా! నా వ్యాసమున మన్యపువారిని వీరులని పొగడితిని. వారిలో నొకనితో ఒక్క రాత్రి గడపవలసి వచ్చినప్పుడు దొంగ యంటిని. బహుమానము మా యింట గోడకు వ్రేలాడుచున్నది. దానిని చూచినప్పుడెల్ల, పొయ్యి ప్రక్కన ఆరుచున్న ఆ నోట్లే నా కన్నులకు కట్టుచున్నవి.