పోచారపు గట్టుమీఁద

మొన్నటి శీతకాలమున మేము మెదకునుండి యెల్లారెడ్డి త్రోవను బోవుచు పోచారపు చెఱువుకడ దిగితిమి. ఆలేరు వాగున కడ్డముగా నిర్మించి 1922 నాఁటికి ముగించిన రాతికట్ట యిది. ఒక వంక నిశ్చలమైన నీరు, ఒక వంక వరిపొలములు. నిజాము ప్రభువుల కాలమున వేటకాఁడు దిరిగిన యడవిలో నేఁడు జింకలు నిర్భయముగా మేయుచున్నవి.

కాని 2025 ఆగస్టు నెలాఖరున ఈ నీరే కట్టపైఁ బొరలి భయపెట్టెను. ఆ రాత్రి సంగతి యడుగఁగా నొక ముదుసలి, "చీకట్ల ఏం కనవడలె బిడ్డా, నీళ్ల సప్పుడొక్కటే ఇనవడ్డది" అనెను. నూఱేండ్లు దాఁటిన కట్ట మాత్రము నిలిచెను.

చీకటిని, మబ్బును లెక్కసేయక చూడఁగల కన్ను ఒకటి కలదు. అదియే రేడారు. నూతిలో ఱాయి విడిచి, చప్పుడెంతసేపటికి వినఁబడునో చూచి లోతు గ్రహింతుము గదా! అట్లే రేడారు రేడియో తరంగమును బంపి, అది తగిలి తిరిగివచ్చు కాలమునుబట్టి దూరము గణించును. 2016 మొదలు 2019 వఱకు నాసావారు విమానమునకు రేడారు గట్టి గ్రీన్లాండు హిమానీనదముల యెత్తును ఏటేటఁ గొలిచిరి. మన రెండు కన్నులవలె దానికి రెండు ఆంటెనాలు. రెంటికి వచ్చు తరంగముల భేదమువలన మంచు మీఁది మిట్టపల్లములు తెలియును. నిరుటికంటె నెత్తు తగ్గినచో మంచు తఱుగుచున్నదన్నమాట.

మన మంజీర వాననీటిదే, మంచు నెఱుఁగదు. ఐనను గ్రీన్లాండున కరిగిన నీరు కడలిఁ గలిసి, మన కోస్తా పల్లెల వాకిళ్లకు ముప్పు దెచ్చును.

ఇస్రో, నాసా కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహము 2025 జూలై 30వ తేదీన, అనఁగా ఆ వరదకు నెలదినముల ముందు, శ్రీహరికోటనుండి యెగసెను. 747 కిలోమీటర్ల యెత్తున, 12 మీటర్ల గొడుగువంటి ఆంటెనాతోఁ దిరుగుచు, 12 దినములలో ఒక్కొక్క చోటును మరలఁ జూచును. మంచు జాఱుటయు, నేల క్రుంగుటయు దానికి గోచరించును.

ఇది చెప్పఁగా ముదుసలి, "అయితె మా కట్టను గూడ సూస్తదా?" అనెను. చూచునంటిని. కాని దినములు గడిచి వచ్చు కన్ను ఒక్క రేయి వరదను గాచునా? అందులకు గట్టుమీఁద మేలుకొని యుండు మనిషియే కావలెను. ఆకాశపుఁ గన్ను ఏండ్లమీఁది మార్పు చెప్పును; గట్టుమీఁది కన్ను ఆ రాత్రి ప్రాణము గాచును. రెండును మనకుఁ గావలసినవే.