అడగకుండా ఇచ్చిన టికెట్లు (జగదల్‌పూర్ డైరీ పుటలు)

10 డిసెంబర్ 2023, ఆదివారం

ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ఫలితాలొచ్చిన వారానికి ముఖ్యమంత్రి ఎవరో తేలింది. విష్ణుదేవ్ సాయ్. కుంకురి ఎమ్మెల్యే, జశ్‌పూర్ వైపు గిరిజన నాయకుడు. మూడో వంతుకు దగ్గరగా గిరిజనులున్న రాష్ట్రానికి గిరిజనుడు ముఖ్యమంత్రి కావడం నాకు సంతోషమే. ఈ ఎంపికలో తప్పు పట్టడానికేమీ లేదు.

నన్ను తొలుస్తున్నది మరొకటి. నవంబర్ 7న నేను బూత్‌లోకి వెళ్లినప్పుడు ఈ పేరు నా ఊహలో కూడా లేదు. ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరో చెప్పకుండానే బీజేపీ ఎన్నికలకు వెళ్లింది. మాజీ ముఖ్యమంత్రి రమణ్ సింగ్ మళ్లీ వస్తాడనుకుని వేసినవాళ్లున్నారు, రాడనే ధైర్యంతో వేసినవాళ్లూ ఉన్నారు. 90లో 54 సీట్లు ఇచ్చారు జనం. మా బస్తర్‌లో 12కి 8. ఐదేళ్ల కిందట ఇదే బస్తర్ కాంగ్రెస్‌కు 11 ఇచ్చింది. ఇంత పెద్ద మార్పు చేయగలిగిన జనాన్ని, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలని మాత్రం ఎవరూ అడగలేదు.

13 డిసెంబర్, బుధవారం

రాయ్‌పూర్ సైన్స్ కాలేజీ మైదానంలో ప్రమాణ స్వీకారం. సాయ్‌తో పాటు ఇద్దరు ఉప ముఖ్యమంత్రులు: అరుణ్ సావ్, విజయ్ శర్మ. ఒకరు సాహూ, ఒకరు బ్రాహ్మణుడు, పైన గిరిజనుడు. సామాజిక సమీకరణం సరిపోయిందని టీవీలో లెక్క చెబుతున్నారు. 8 సీట్లిచ్చిన బస్తర్ నుంచి ఈ ముగ్గురిలో ఒక్కరూ లేరు.

ఉప ముఖ్యమంత్రి పదవి మన రాజ్యాంగంలో లేదు. తెలుగువాళ్లకు ఈ పదవి కొత్త కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఆంధ్ర నుంచి ముఖ్యమంత్రి అయితే తెలంగాణ నుంచి ఉప ముఖ్యమంత్రి అని రాసుకున్నారు. నీలం సంజీవరెడ్డి దాన్ని ఆరో వేలు అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట తెలంగాణలో ఎంత కాలం మండిందో అందరికీ తెలుసు. ఇక్కడ కాంగ్రెస్‌లోనూ అదే జరిగింది. 2018లో 68 సీట్లు వచ్చాక భూపేశ్ బఘేల్ కుర్చీ ఎక్కారు. రెండున్నరేళ్ల తర్వాత తన వంతని టి.ఎస్. సింగ్‌దేవ్ వర్గం నమ్మింది. అలాంటి మాట ఇచ్చారో లేదో బయటివాళ్లకు రుజువు లేదు. 2021 ఆగస్టులో ఎమ్మెల్యేలు గుంపులుగా ఢిల్లీ విమానాలెక్కారు. చివరికి ఎన్నికలు నెత్తిమీదికొచ్చాక, 2023 జూన్ 28న, సింగ్‌దేవ్‌కు ఉప ముఖ్యమంత్రి పదవి ఇచ్చారు. మొన్న అంబికాపూర్‌లో ఆయన 94 ఓట్లతో ఓడిపోయారు.

24 జనవరి 2024, బుధవారం

తెల్లవారుజామునే మేనల్లుడి ఫోన్. వాడుండేది న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, నాషువాలో. నిన్న అక్కడ పార్టీల అధ్యక్ష అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఎన్నిక. పౌరసత్వం వచ్చాక వాడికిదే మొదటి ప్రైమరీ.

"మావయ్యా, నేను ఏ పార్టీవాణ్నీ కాదు. అయినా నా ఓటు తీసుకున్నారు" అన్నాడు.

ఎలాగో అడిగి చెప్పించుకున్నాను. అక్కడ ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు బూత్‌కు వెళ్లి ఏదో ఒక పార్టీ బ్యాలెట్ కావాలని అడగొచ్చు. వీడు రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్నాడు. ఆ క్షణానికి ఆ పార్టీ ఓటరు. ఓటేసి బయటికొస్తూ మరో బల్ల దగ్గర కాగితం మీద సంతకం పెట్టి మళ్లీ ఏ పార్టీకీ చెందనివాడయ్యాడు. నిక్కీ హేలీకి వేశాడట. ట్రంప్‌కు 54 శాతం వచ్చింది, ఆమెకు 43. మన వివేక్ రామస్వామి అంతకు వారం ముందే అయోవాలో తప్పుకున్నాడు. డెమొక్రాట్ల పక్క ఇంకో చిత్రం. పార్టీ తమ తొలి ప్రైమరీని సౌత్ కరోలినాకు మార్చడంతో న్యూ హాంప్‌షైర్ బ్యాలెట్‌లో బైడెన్ పేరే లేదు. అయినా ఆయన మనుషులు చేత్తో పేరు రాసి గెలిపించారు.

హేలీ ఇక నెగ్గదని నా అభిప్రాయం. మేనల్లుడికీ అదే అనిపిస్తోంది. అయినా వాడి గొంతులో ఓడినవాడి నీరసం లేదు. తనను అడిగారు, తను చెప్పాడు.

24 మార్చి, ఆదివారం

రేపు హోలీ. నిన్న రాత్రి కాంగ్రెస్ జాబితా వచ్చింది. బస్తర్ లోక్‌సభ టికెట్ కవాసీ లఖ్మాకు. ఇప్పుడున్న ఎంపీ దీపక్ బైజ్ రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా. ఆయనకు ఇవ్వలేదు. లఖ్మా తన కోసం అడగలేదు, కొడుకు హరీశ్ కోసం అడిగారు. కొడుక్కి పిల్లను అడిగితే నాకే కట్టబెట్టారని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. కోంటా అసెంబ్లీ స్థానంలో 1998 నుంచి ఓడని మనిషి, వద్దన్న పెళ్లి పీటల మీద కూర్చోవాల్సి వచ్చింది. ఎంపీగా ఉన్న మనిషి పక్కన నిలబడ్డాడు. వీళ్లిద్దరిలో ఎవరు మేలని దర్భా బ్లాకులోనో సుక్మాలోనో ఒక్క కార్యకర్తనైనా అడిగారా?

బీజేపీది ఈ నెల 2నే అయిపోయింది. మహేశ్ కశ్యప్, సర్పంచ్‌గా చేసిన మనిషి. అక్కడా పేరు ఢిల్లీ నుంచే వచ్చింది.

మధ్యాహ్నం భోపాల్‌పట్నం నుంచి పాత శిష్యుడు వచ్చాడు. దోర్లా తెగ కుర్రవాడు, ఇప్పుడు నలభై దాటాడు. ఇంట్లో తెలుగే. ఇరవై ఏళ్లుగా కాంగ్రెస్ జెండా మోస్తున్నాడు. సంచిలో ఎండిన ఇప్పపూలు తెచ్చాడు. ఇది ఇప్పపూల కాలం, పిల్లా పెద్దా చీకటితోనే చెట్ల కిందికి పోతారు.

"పేరు మాకు ఎట్ల తెలుస్తది సార్? పోస్టర్లు దిగినంక తెలుస్తది. దించి, అతికియ్యమంటరు."

"నిన్నడిగితే ఎవరి పేరు చెప్పేవాడివి?"

చాలాసేపు ఆలోచించాడు. "ఎన్నడూ అడగలే సార్. అందుకే అనుకోలే."

ఆ జవాబు నన్ను పొద్దుపోయేదాకా వదల్లేదు. 2014లో ఇదే కాంగ్రెస్ దేశంలో పదిహేను పదహారు లోక్‌సభ స్థానాల్లో అమెరికా తరహా ప్రైమరీ పెట్టింది. రాహుల్ గాంధీ ఆలోచన అది. వడోదరలో నరేంద్ర రావత్ అనే కార్యకర్త ఓట్లతో గెలిచి అభ్యర్థి అయ్యాడు. మోదీ అక్కడ పోటీకి దిగగానే ఆయన తప్పుకున్నాడు, మధుసూదన్ మిస్త్రీ వచ్చాడు. తర్వాత ఆ ప్రైమరీల ఊసే లేదు. మంచి పనిని ఒక్కసారి చేసి వదిలేశారు.

19 ఏప్రిల్, శుక్రవారం

ఓటేసి వచ్చాను. ఛత్తీస్‌గఢ్‌లో ఇవాళ ఒక్క బస్తర్‌కే పోలింగ్. జగదల్‌పూర్‌లో సాయంత్రం ఐదు వరకు, లోపలి నియోజకవర్గాల్లో మూడుకే ముగించారు. మూడు రోజుల కిందటే కాంకేర్ జిల్లాలో ఎన్‌కౌంటర్ జరిగి 29 మంది మావోయిస్టులు చనిపోయారు. లోపలి బూత్‌లకు సిబ్బందిని హెలికాప్టర్లలో దింపారు. భద్రత పేరుతో మార్చిన బూత్‌లకు జనం కొండలు దిగి నడిచి రావాలి. వేలికి సిరా గుర్తు పడితే రాత్రికి ఎవరొచ్చి చేయి చూపించమంటారోనని చాలా ఊళ్లలో ఏళ్ల తరబడి భయం. ఆ భయం ఉన్నా జనం వస్తారు. నాషువాలో మేనల్లుడు కారు దిగి పది అడుగులు వేసి రెండుసార్లు ఓటేస్తాడు, ఒకసారి అభ్యర్థి కోసం, ఒకసారి పదవి కోసం. ఇక్కడ ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చేవాడికి ఒక్కటే ఓటు, అదీ వేరెవరో తేల్చిన పేర్ల మీద.

5 జూన్, బుధవారం

మహేశ్ కశ్యప్‌కు 4,58,398 ఓట్లు. లఖ్మాకు 4,03,153. తేడా 55,245. నోటాకు మళ్లీ 36 వేలు దాటింది.

నోటా గురించి రాసుకోవాలి. 2019లో ఇక్కడ బైజ్ గెలిచింది 38,982 ఓట్ల తేడాతో. నోటాకు పడినవి 41,667. గెలుపు తేడా కంటే నోటా ఎక్కువ. మెషీన్‌లో చివరి బటన్ నొక్కడం కొందరికి అలవాటని అధికారులంటారు. కొంత నిజమే కావచ్చు. ఎన్నికకు ఎన్నిక ఇన్ని వేల మంది పొరపాటున నొక్కుతున్నారంటే నేను నమ్మను.

పాత సంగతి ఒకటి. 1952లో బస్తర్ మొదటి ఎంపీ ముచాకీ కోసా, స్వతంత్రుడు. 83 శాతం ఓట్లతో గెలిచాడు. ఓడినవాడు కాంగ్రెస్ అభ్యర్థి సుర్తీ కిస్తయ్య. పేరు వింటే మన గోదావరి గట్టు గుర్తొస్తుంది. 1957లో ఆయనే గెలిచాడు. కోసా వెనకున్నది రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఓరుగల్లు కాకతీయుల వారసులమని చెప్పుకునే వంశం. ఆ రాజు 1966లో జగదల్‌పూర్ రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అప్పుడు పేరు చెప్పింది రాజు, ఇప్పుడు చెబుతున్నది ఢిల్లీ. నడుమ డెబ్బై ఏళ్లు గడిచాయి.

17 జూలై, బుధవారం

తెలుగు ఛానళ్లన్నీ వడ్లూరులో ఉన్నాయి. తణుకు దగ్గర ఊరు. ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్‌ను ప్రకటించాడు. ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది ఆ ఊరు. తెలుగింటి అల్లుడని సంబరం. ఆ సంబరాన్ని నేను కాదనను. నేను చూసేది వేరు. ఇన్ని రాష్ట్రాల్లో ఇన్ని నెలలు ప్రైమరీలు నడిపిన దేశంలో కూడా ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచేది ఒకే మనిషి. వాన్స్ ఒకప్పుడు ట్రంప్‌ను గట్టిగా విమర్శించినవాడే. పక్షం మార్చుకున్నాడు, పక్కన చోటు దొరికింది. అయితే ఒక తేడా ఉంది. అక్కడ ఆ పేరు నవంబర్‌లోపే ప్రజల ముందుంటుంది. ఇద్దరి పేర్లూ ఒకే బ్యాలెట్ మీద ఉంటాయి. మా ఇద్దరు ఉప ముఖ్యమంత్రుల పేర్లు మాకు ఓటేసిన నెలకు తెలిశాయి.

22 జూలై, సోమవారం

బైడెన్ తప్పుకున్నాడు. కమలా హారిస్‌కు మద్దతిచ్చాడు. 2019 చర్చల్లో ఆయన్ను నిలదీసి, పోటీ నుంచి తప్పుకుని, మరుసటి ఏడు ఆయన పక్కనే ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డ మనిషి ఆమె. పార్టీ లోపల కొట్లాడినవాళ్లు తర్వాత కలిసి నడవడం అక్కడ మామూలు. 1960లో కెనడీ–జాన్సన్, 1980లో రీగన్–బుష్. ఓట్లతో తేలిన పోటీ కనుక ఓడినవాడికి మనసులో మంట తక్కువ. మా బఘేల్, సింగ్‌దేవ్‌ల పోటీ మూసిన గదిలో జరిగింది. అది ఐదేళ్లూ రగిలింది.

అయినా ఇవాళ మేనల్లుడికి కోపంగా ఉంది. "కోటీ నలభై లక్షల మంది బైడెన్‌కు ఓటేశారు మావయ్యా, ఇప్పుడు డెలిగేట్లు నాలుగు వేల మంది తేలుస్తారా?" వాడి కోపం న్యాయమైనది. ప్రైమరీ పెట్టినంత మాత్రాన జనం మాటే చెల్లుతుందని కాదు. కానీ అడిగిన తర్వాత మాట దాటేస్తే అక్కడ ఇలా నిలదీస్తారు. నా భోపాల్‌పట్నం శిష్యుడికి నిలదీయడానికి ముందొక ప్రశ్న అంటూ ఎదురుకాలేదు.

8 ఆగస్టు, గురువారం

మొన్న హారిస్ టిమ్ వాల్జ్ పేరు ప్రకటించింది. మిన్నెసోటా గవర్నర్, ఒకప్పుడు బడి పంతులు. పంతులు గనుక నాకు నచ్చాడు, అంతే.

ఇవాళ రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు కిరణ్ సింగ్ దేవ్‌కు, మా జగదల్‌పూర్ ఎమ్మెల్యే. రెండోది కాంగ్రెస్ అధ్యక్షుడు దీపక్ బైజ్‌కు. రెండు పార్టీలకూ అధ్యక్షులు మా బస్తర్ వాళ్లే, ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇద్దరినీ ఒకటే అడిగాను. వచ్చే ఎన్నికకు బస్తర్‌లో ఒక్క నియోజకవర్గంలోనైనా, మీ సభ్యుల జాబితా బయట పెట్టి, అభ్యర్థిని వాళ్ల ఓటుతో ఎంచండి. ముఖ్యమంత్రి, ఉప ముఖ్యమంత్రి ఎవరో ఓటింగ్‌కు ముందే చెప్పండి. హిందీలో రాశాను, తేదీ వేసి సంతకం పెట్టాను. రేపు పోస్టులో వేస్తాను. ఇది చదివే తెలుగువాళ్లు తమ ఊళ్లో ఏ పార్టీ జెండా మోస్తున్నా, తమ నాయకుడికి ఇలాంటి ఉత్తరం ఒకటి రాయాలని నా మనవి.