బందరు తుప్పు... బెజవాడ ఓర్పు

బందరులో ఇల్లుంటే సముద్రపు గాలి ఉచితం. దాంతోపాటు తుప్పు కూడా! నాన్నగారి 1988 మోడల్ అంబాసిడర్ పైకి తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. కింద పడుకుని చూస్తేనే గుండె గుభేలుమంటుంది.

మూడు నెలలుగా బండి ఎడమవైపు లాగుతోంది. ముందు టైర్ల అంచులు రంపపు పళ్లలా అరిగిపోయాయి. అప్పట్నుంచీ నాన్నగారు స్టీరింగ్ ముట్టుకోవడం మానేశారు. అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే కుర్రాడు కాసేపు కుస్తీ పట్టి చేతులెత్తేశాడు. చక్రాలు సరిచేయాలంటే టైరాడ్ చివరి లాక్‌నట్టు వదులు కావాలి. అదేమో కడ్డీతో ఒకటైపోయింది. ‘తుక్కుకి వేసేయండి’ అని సలహా కూడా పారేశాడు. ఆ మాట నాన్నగారికి చెప్పలేదు. మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరం బెజవాడ బయల్దేరాం.

పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు... దారి పొడవునా స్టీరింగ్‌ని కుడికి లాగిపట్టే నడిపాను. బెంజి సర్కిల్ ఇంకా రాకముందే ఆటోనగర్ పలకరిస్తుంది. ఓ సందులో లారీ బాడీలు, మరో సందులో కమాన్ పట్టీలు. సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, డీజిలు వాసన. టీ బండి దగ్గర అడిగితే చాలు, ఏ రోగానికి ఏ షెడ్డో చెప్పేస్తారు. మేం చేరిన షెడ్డు ఎదురుగా ఓ పాత జీపుని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తున్నారు. నాన్నగారు అటు వీపు పెట్టి కూర్చున్నారు.

మేస్త్రి కిందికి తొంగిచూశాడు. ‘‘బలవంతంగా లాగితే విరుగుద్ది సార్. సాయంత్రం దాకా ఉండాలి’’ అన్నాడు.

ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. థ్రెడ్ల మధ్య ఉన్న కాస్త సందునీ నింపేసి నట్టుని పట్టేస్తుంది. బండిని జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలబెట్టారు. బయటికి కనిపించే థ్రెడ్లు లెక్కపెట్టి రాసుకున్నారు. వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టారు. గంటకోసారి మళ్లీ నూనె, నట్టు పలకల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. మధ్యాహ్నమైనా కదల్లేదు. స్పానరుకి పైపు తొడగబోయిన కుర్రాణ్ని మేస్త్రి వారించాడు. నూనెంతా తుడిపించి, పక్కనున్న బాల్ జాయింటు రబ్బరుకి తడిగుడ్డ చుట్టి, సన్నటి గ్యాస్ మంటతో నట్టుకి మాత్రమే సెగ చూపించాడు. వేడికి నట్టు వ్యాకోచిస్తే తుప్పు పట్టు సడలుతుంది. స్పానరు పెట్టి ముందు బిగించే వైపు తిప్పాడు! ఆశ్చర్యపోయాను. ఆ తర్వాత వదులు వైపు. ‘టక్’మంది.

నాన్నగారు లేచి నిలబడ్డారు.

రెండోవైపు అంత మొండికేయలేదు. థ్రెడ్లకి గ్రీజు పట్టించి, ‘‘ఏడాదికోసారి వదులుచేసి బిగించుకోండి. సముద్రం పక్కన గదా!’’ అన్నాడు మేస్త్రి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాన్ని విప్పి బిగించే చేతులు మాత్రం ఈ సందుల్లో ఇంకా ఉన్నాయి. అలైన్‌మెంట్ పక్క సందులోనే అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ వదిలితే బండి గీత గీసినట్టు వెళ్తోంది. కంకిపాడు దాటాక నాన్నగారు ఆపమన్నారు. టీకేమో అనుకున్నాను.

ఆయన దిగి, చుట్టూ తిరిగి నా వైపు తలుపు తీశారు.

‘‘నువ్వటు జరుగు’’ అన్నారు.