మంచు నిలవని కప్పు

మినియాపోలిస్‌లో మేము కొన్న పాత ఇంటికి, పడకగది గోడ మీద తడి మరక పోవడం లేదని, రెండేళ్ళ కిందటి వేసవిలో కొత్త కప్పు వేయించాము. ఆ ఏడు తొలి మంచు కురిసిన మర్నాడు ఇరుగుపొరుగు కప్పులన్నీ తెల్లగా ఉంటే, మాది మాత్రం అప్పుడే నల్లగా బయటపడింది. కొత్త కప్పు మహిమ కాబోలని మురిసిపోయాను!

వారం తిరక్కుండా చూరుకు మంచుకడ్డీలు వేలాడాయి. ఆపై గోడ మీద మళ్ళీ అదే మరక.

మా ఊళ్ళో అటక అంటే ఇత్తడి గంగాళాలు దాచే చోటు. పెళ్ళికో పేరంటానికో తప్ప ఎక్కేవాళ్ళం కాము. ఇక్కడా ఆ అలవాటే. ఎక్కి చూస్తే ఫైబర్‌గ్లాస్ దూది ఆరంగుళాలే ఉంది. అంటే సుమారు ఆర్-19. ఇక్కడి చలికి ఆర్-49 అయినా కావాలి. గదుల వెచ్చదనం దీపాల కంతలగుండా పైకి పోయి మంచును కరిగిస్తోంది. ఆ నీరు చల్లని చూరు దగ్గర గడ్డకట్టి ఆనకట్టగా మారితే, వెనుక నిలిచిన నీరు షింగిల్స్ కిందికి దూరుతోంది.

కప్పు వేసినవారు పైనుండి చూశారు, నేను కిందనుండి చూశాను. నడుమనున్న అటకను ఎవరమూ చూడలేదు. కప్పు విప్పిన ఆ రెండు రోజులలో చూరు దగ్గరి గాలిదారులను సరిచేయడం ఎంత సులువై ఉండేదో!

ఆ తరువాత కంతలు మూయించి, గాలిదారులు వదిలి, మరో తొమ్మిదంగుళాల సెల్యులోజ్ పోయించాము. ఇప్పుడు మంచు కురిస్తే మా కప్పూ అందరి కప్పుల్లాగే తెల్లగా ఉంటోంది. ఈసారి నిజంగానే మురిసిపోతున్నాను.